మెనింజైటిస్ తర్వాత మతిమరుపు: స్టెరాయిడా, గ్లిసరాలా, ఒళ్ళు చల్లబరచడమా... ఏది మేలు?

మా బాబాయికి చెవిలో చీము పట్టి అది మెదడు పొరలకి పాకి న్యుమోకాకల్ మెనింజైటిస్ (న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాతో మెదడు పొరలకి వచ్చే వాపు) అయింది, బతికి బయటపడ్డాడు గానీ ఏం చెప్పినా గంటకల్లా మర్చిపోతున్నాడు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గోల, ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్లే ఇలా అయిందని పిన్ని, కాదు ఇంకొన్ని రోజులు ఇచ్చుంటే బాగుండేదని మామయ్య, అంటే ఆవిడ తమ్ముడు. సరే అని కూర్చుని చదివా. (మనవాళ్ళు మెదడువాపు జ్వరం అనేది ఎక్కువగా వైరస్‌తో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ని, ఇది వేరు.)

అసలు మెమరీ ఎందుకు పోతుందంటే, సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ బ్యాక్టీరియా గోడ పగలగొట్టి చంపుతుంది, పగిలాక గోడ ముక్కలు, లోపలి విషాలు అన్నీ ఒక్కసారే బయటపడతాయి, వాటి మీదకి మన తెల్లకణాలు ఎగబడి మెదడు కణాల్ని కూడా దెబ్బతీస్తాయి, ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. అందులో బాగా నష్టపోయేది హిప్పోకాంపస్, కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే చోటు. అంటే మందు వేశాక మొదటి గంటల్లోనే వాపు ఇంకా పెరగొచ్చన్నమాట.

అందుకే వాపు తగ్గించే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ని మొదటి యాంటీబయాటిక్‌కి కాస్త ముందు గానీ దాంతోపాటు గానీ ఇస్తారు. 2002లో వచ్చిన యూరప్ ట్రయల్‌లో 301 మంది పెద్దవాళ్ళు, 6 గంటలకోసారి 10 మిల్లీగ్రాములు, 4 రోజులు. చావులు 15 శాతం నుంచి 7కి దిగాయి, న్యుమోకాకస్ వాళ్ళలో అయితే 34 నుంచి 14కి. అదే ఆఫ్రికాలోని మలావీలో చేస్తే ఏ లాభం కనపడలేదు, అక్కడ ఎక్కువమందికి హెచ్ఐవీ ఉంది, ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చినవాళ్ళూ ఎక్కువే.

మరి మెమరీ సంగతి? పిన్ని మాటలో కొంచెం పస ఉంది, ఎలక పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ఈ స్టెరాయిడ్ వల్ల హిప్పోకాంపస్ కణాలు ఇంకా ఎక్కువ చచ్చాయి. కానీ ఆ యూరప్ ట్రయల్‌లో బతికినవాళ్ళని కొన్నేళ్ళ తర్వాత పిలిచి టెస్ట్ చేస్తే స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళు, తీసుకోనివాళ్ళు ఇంచుమించు ఒకేలా ఉన్నారు. చెడగొట్టలేదు, అలాగని కాపాడనూ లేదు. ప్రాణానికి, చెవులకి మాత్రం పనికొస్తుంది.

మెదడు వాపు తగ్గిస్తుందని నోటి ద్వారా ఇచ్చే గ్లిసరాల్ మీద లాటిన్ అమెరికా పిల్లల ట్రయల్ చూసి చాలా ఆశపడ్డారు, తీరా మలావీలో పెద్దవాళ్ళకి ఇస్తే చావులు పెరిగి మధ్యలోనే ఆపేశారు. ఒళ్ళు చల్లబరచడం ఇంకా ఘోరం, ఫ్రాన్స్‌లో కోమాలో ఉన్నవాళ్ళని 32-34 డిగ్రీలకి దించితే 51 శాతం చనిపోయారు, మామూలు ట్రీట్‌మెంట్ వాళ్ళలో 31. ఈ రెండూ పక్కన పెట్టేయండి.

నాకు ఆశగా అనిపించింది డాప్టోమైసిన్, రిఫాంపిసిన్ లాంటి యాంటీబయాటిక్స్, ఇవి బ్యాక్టీరియాని పగలగొట్టకుండా చంపుతాయి కాబట్టి జంతువుల్లో వాపు తక్కువొచ్చింది. మినోసైక్లిన్, డాక్సీసైక్లిన్ మీద కూడా ఎలకల్లో పని జరిగింది. కానీ వీటిని మెమరీ కోసం ఇవ్వమని డాక్టర్ని అడిగే స్టేజ్ ఇంకా రాలేదు.

కాబట్టి నా ఓటు డెక్సామెథాసోన్‌కే, అదీ టైముకి పడితేనే, యాంటీబయాటిక్ మొదలెట్టి 4 గంటలు దాటితే ఇక ఇవ్వాలని యూరప్ గైడ్‌లైన్స్ చెప్పవు. రోజులు పెంచితే మెమరీ బాగుంటుందన్న మామయ్య లెక్క తప్పు. వారాల తరబడి ఇచ్చేది టీబీ మెనింజైటిస్‌కి, ఆయన అక్కడ కన్‌ఫ్యూజ్ అయ్యాడు. ఇక ఇప్పుడు పిన్ని రోజూ పట్టే పసుపు పాలు మంచివే గానీ అప్పుడు చచ్చిపోయిన కణాల్ని తిరిగి తేలేవు కదా.

మొన్న చెవి టెస్ట్ చేయిస్తే బాబాయికి ఎడమ చెవి దాదాపు వినపడట్లేదని తేలింది. ఈ జబ్బులో లోపలి చెవిలో ఎముక పెరిగి గట్టిపడిపోయే ప్రమాదం ఉంది, తర్వాత వినికిడి కోసం ఇంప్లాంట్ పెట్టడం కష్టమవుతుంది, అందుకే ఆ టెస్ట్ డిశ్చార్జ్‌కి ముందే చేయించాల్సింది, మాకు ఎవరూ చెప్పలేదు. మేం మర్చిపోతున్నాడు అనుకున్న మాటల్లో సగం ఆయన అసలు వినలేదు. ఇప్పుడు కుడివైపు కూర్చుని చెప్తున్నాం.