ఫలక్‌నుమానా, ద పార్కా: నిజాం వైభవం ఎక్కడ బాగా కుదిరింది?

2010లో హైదరాబాద్‌లో రెండు పెద్ద హోటళ్లు తెరుచుకున్నాయి. పాతబస్తీ చివర కొండ మీద తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్ ఒకటి, సోమాజిగూడలో హుస్సేన్‌సాగర్‌కు ఎదురుగా ద పార్క్ ఇంకొకటి. రెండింటికీ మూలం నిజాం కాలపు వైభవమే. వాడుకున్న తీరు మాత్రం పూర్తిగా వేరు.

ఫలక్‌నుమాలో కొత్తగా చేర్చింది తక్కువ, కాపాడింది ఎక్కువ. నిజాం కొలువులోని పాయిగా వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఈ మహల్ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. ఆపైన ఎన్నో ఏళ్లు తాళాలు పడి ఉండిపోయింది. నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా దగ్గరుండి సుమారు పదేళ్లపాటు బాగు చేయించారు. 101 మంది ఒకే బంతిలో కూర్చునే భోజనాల బల్ల, విండ్సర్ కోటలోని లైబ్రరీని చూసి చేయించిన అక్రోటు చెక్క పైకప్పు, పాలరాతి మెట్లు... వీటిని ఈరోజు ఎంత డబ్బు పోసినా మళ్లీ చేయించలేం. కానీ ఆ గదుల్లో మనిషి ఒదిగి కూర్చుంటాడు. గొంతు దానంతటదే తగ్గిపోతుంది. కాళ్లు చాపుకుని సేదతీరే చోటు కాదది.

ద పార్క్‌ను అమెరికాకు చెందిన ఎస్‌ఓఎం సంస్థ డిజైన్ చేసింది. వాళ్లు నిజాం నగల్ని బొమ్మలుగా గోడలకు అంటించలేదు. ఆ లోహపు పనితనాన్ని చిల్లుల రేకులుగా మార్చి భవనానికి తొడిగారు. మన పాత ఇళ్ల జాలీ కిటికీ చేసే పనే అదీ చేస్తుంది. ఎండను ఆపుతుంది, వెలుతురును జల్లించి లోపలికి పంపుతుంది. అలంకారానికి ఒక పని అప్పజెప్పడం నాకు బాగా నచ్చింది.

జీవితంలో ఒక్క రాత్రే గడపగలిగితే ఫలక్‌నుమాకే వెళ్లండి. అందులో నాకు సందేహం లేదు. కొత్తగా హోటల్ కట్టేవాళ్లు మాత్రం ద పార్క్ నుంచే నేర్చుకోవాలి. ఇప్పుడు చాలాచోట్ల జిప్సం సీలింగ్‌కు బంగారు రంగు పూసి, ఫైబర్ స్తంభాలు నిలబెట్టి రాజమహల్ అంటున్నారు. చూస్తే నిజంగా బాధేస్తుంది. ఇత్తడి రేకు మీద పువ్వులు తేల్చే పెంబర్తి పనివాళ్లు ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపే ఉన్నారు. ఆ డబ్బుతో వాళ్లకు పని ఇవ్వొచ్చు కదా.