జేబున్న మంగళగిరి కుర్తా: రంగు వెలిసేదాకా వాడి చెబుతున్న మాట

ఈ కుర్తా కొన్నది బట్ట కోసం కాదు, జేబు కోసం. మంగళగిరి నూలు ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంట్లో అమ్మ బీరువా తెరిస్తే చాలు కాబట్టి దాని జోలికి పెద్దగా పోను. ఒంటినిండా సాదా నీలం, కింద జరీ అంచులో చిన్న గోపురాల వరుస, మోచేతుల దాకా చేతులు, అంతే. ఆన్‌లైన్‌లో ఒక చిన్న అమ్మకందారు దగ్గర తీసుకున్నాను. ఫొటోలో మోడల్ అమ్మాయి కుడిచెయ్యి మణికట్టు దాకా జేబులో మునిగి ఉంది. నేను డబ్బు కట్టింది ఆ మణికట్టును చూసి.

ఆడవాళ్ల బట్టలకు జేబు పెట్టమంటే కుట్టేవాళ్లకు ఎందుకంత పిసినారితనమో నాకు ఎప్పటికీ అర్థం కాదు. జీన్స్ ముందు జేబుల్లో వేళ్లు తప్ప చెయ్యి దూరదు. కొన్ని ప్యాంట్లకైతే జేబు ఉన్నట్టు పైన ఒక కుట్టు గీత ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కుర్తాల దగ్గరకు వస్తే ఇంకో సాకు: పక్క చీలిక తుంటి దగ్గరే మొదలవుతుంది కదా, జేబు పెడితే సంచి బయటికి కనబడుతుంది అంటారు. ముందు ముక్క వెనక సంచిని లోపలికి తిప్పి వేలాడదీస్తే కనబడదు. మగవాళ్ల లాల్చీలకు కూడా పక్క చీలికలు ఉన్నాయి, వాటికి పక్క జేబులూ ఉన్నాయి. ఆ మాట అంటే మాత్రం జవాబు ఉండదు.

మా అమ్మమ్మకు ఈ బాధ లేదు. వక్కల తిత్తి, చిల్లర, ఇంటి తాళంచెవి అన్నీ రొండిన దోపుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ తిరునాళ్లకు వెళ్లొచ్చేది. చీర నుంచి కుర్తాకు వచ్చేసరికి ఆ రొండి పోయింది, మా వంతుకు భుజం లాగేసే హ్యాండ్‌బ్యాగ్ మిగిలింది.

అందుకే ఈ కుర్తా వచ్చిన కొత్తలో నాకు పట్టలేనంత సంతోషం. మాది మియాపూర్ వైపు. సెలవు రోజుల్లో నా తిరుగుడంతా మెట్రో మీదే. స్టేషన్లో బ్యాగు ఉన్నవాళ్లు దాన్ని తనిఖీ యంత్రంలో పెట్టి, అటువైపు వెళ్లి, వెనక వాళ్ల బ్యాగుల మధ్య నుంచి వెతికి తీసుకోవాలి. శనివారం సాయంత్రం అక్కడ ఉండే తోపులాట తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఫోను, మెట్రో కార్డు, రెండు నోట్లు, తాళంచెవి జేబులో వేసుకుని వెళితే ఆ వరుసతో పనే లేదు. ఆడవాళ్ల తనిఖీ దగ్గర మాత్రం చేతి యంత్రం జేబు మీదికి రాగానే కూస్తుంది. 'ఏముందమ్మా అందులో?' అని మొదట్లో అనుమానంగా అడిగిన సెక్యూరిటీ ఆవిడే తర్వాత ఒకరోజు, 'ఎక్కడ కొన్నారు, మా అమ్మాయికి కూడా కావాలి' అంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఇదే సుఖం. బ్యాగుల కౌంటరు దగ్గర టోకెన్ కోసం నిలబడకుండా నేరుగా లోపలికి పోవచ్చు. గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు జనం చేరతారు కదా, లోపలి నుంచి బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టేది చూడటానికి. ఆ గుంపులో భుజాన సంచి ఉన్న మనిషికీ లేని మనిషికీ ఉన్న తేడా నిలబడి చూస్తే తెలుస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా ఈ జేబు విలువ తెలిసింది లాడ్‌బజారులో. లక్క గాజులు వేయించుకునేటప్పుడు ఒక చెయ్యి దుకాణదారు చేతిలో ఉంటుంది, రెండో చెయ్యి వేరే జతలు తీసి చూస్తుంటుంది. బ్యాగు ఉంటే దాని పట్టీ భుజం మీంచి జారి సరిగ్గా గాజులు ఎక్కించే చేతి మీదికే వస్తుంది. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. ఇప్పుడు బేరం ఆడబోతే ముందు ఆ మాటే చెబుతున్నారు. బేరం ఆడటానికి కూడా రెండు చేతులూ ఖాళీగా ఉండాలని నా అభిప్రాయం.

అసలు కథ ఇక్కడ మొదలైంది. అలా గాజులు కొనుక్కున్న ఒక శనివారం, మా పిన్ని కూతురు మొదటిసారి హైదరాబాద్ వచ్చిందని చార్మినార్ పైకి ఎక్కాము. ఆ మెట్ల సంగతి తెలిసిందే. రాతి మెట్లు, మెలికలు తిరుగుతూ, ఒక్కొక్కటీ మోకాలి ఎత్తున ఉన్నట్టు అనిపిస్తాయి. ఒకరి వెనక ఒకరు తప్ప పక్కపక్కన నడిచే చోటు లేదు. సగం దూరం ఎక్కాక తొడ మీద ఏదో జారినట్టయింది. జేబులో చెయ్యి పెట్టాను. చెయ్యి నేరుగా లోపలికి పోయి మోకాలి దగ్గర తేలింది. అప్పటికే కింద రాతి మీద ఫోను టకటకమంటూ ఒక్కో మెట్టూ దిగుతోంది.

వెనక్కి తిరిగే వీలు లేదు. పైనుంచి 'నడవండి, నడవండి' అంటున్నారు. మా చెల్లి 'అక్కా, ఫోను పోయిందా?' అని మెట్ల మధ్యలో ఏడుపు మొదలుపెట్టింది. నాలుగైదు మెట్ల కింద బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ తన చెప్పు అడ్డం పెట్టి దాన్ని ఆపింది. చేతిలో పిల్లవాడు ఉండటం వల్ల ఆవిడ వంగలేకపోయింది. ఆవిడ వెనక ఉన్న కుర్రాడు తీసి ఆవిడకిచ్చాడు, ఆవిడ పైకి అందించింది, ముగ్గురి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. అద్దం మూల నుంచి ఒక గీత. పనిచేస్తోంది. మెట్రో కార్డు మాత్రం దొరకలేదు. పైకి వెళ్లాక మా చెల్లి ఊరంతా చూసింది. నేను కుర్తా పక్క తిప్పి జేబు చూసుకున్నాను.

బట్ట చిరగలేదు, దారం తెగలేదు. సంచి అడుగున కుట్టు పక్కనే నూలుపోగులు ఒకదాన్నుంచి ఒకటి జరిగిపోయి, సందు ఏర్పడింది. మా వీధి టైలరు మాస్టరు చూడగానే కారణం చెప్పారు. జేబు సంచికి వాడింది కుర్తా బట్ట కాదు, పల్చటి అస్తరు గుడ్డ. దానికి ఒకే వరుస కుట్టు, అదీ అంచుకు మరీ దగ్గరగా. లోపల అంచుకు పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టు కూడా లేదు. 'ఇది రుమాలు పెట్టుకునే జేబమ్మా, మీరు ఇటుకరాయి పెట్టారు' అన్నారు. అమ్మకందారుకు ఫొటోలతో సహా రాశాను. ఉతికిన బట్ట వెనక్కి తీసుకోబోమనీ, జేబు 'అలంకారం కోసం' అనీ జవాబు వచ్చింది. మణికట్టు దాకా చెయ్యి పెట్టి ఫొటో తీయించిన మనిషి అలంకారం అంటే ఏమనాలి?

మాస్టరు పాత సంచి పూర్తిగా తీసేశారు. పాప్లిన్ గుడ్డతో కొత్తది కుట్టారు. ఒకసారి బయటి వైపు కుట్టి, తిరగేసి, ఆ అంచులు లోపల మూసుకుపోయేలా మళ్లీ కుట్టారు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. జేబు నోటి వెంట లోపల నాడా పట్టీ వేసి, దాన్ని పక్క కుట్టులో చంక దిగువ దాకా పొడిగించారు. ఫోను బరువు ఇప్పుడు చేనేత బట్ట మీద కాకుండా ఆ పట్టీ మీద పడుతుంది. నోటికి రెండు చివర్లా ముందుకూ వెనక్కూ గట్టిగా కుట్టి బిగించారు. అప్పటి నుంచి గోల్కొండ పైదాకా ఎక్కి దిగాను, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల గుట్టల ముందు గంటల తరబడి వంగి కూర్చున్నాను. జేబు చెక్కుచెదరలేదు.

మొదట్లో నేను స్నేహితురాళ్లకు ఈ కుర్తా గురించి చెప్పిన మిగతా మాటలు కొంచెం సవరించాలి. రంగు దిగదన్నాను. ఉతుకులో దిగదు, నిజమే. అయితే చెయ్యి పెట్టి తీసి, చెమట తగిలి, జేబు నోటి దగ్గర అరచెయ్యంత మేర నీలం వెలిసిపోయింది. ఇస్త్రీ లేకపోయినా వేసుకోవచ్చన్నాను. గంజి పెట్టనంతవరకు వేసుకోవచ్చు. గంజి లేకపోతే కుడివైపు అంచు ఫోను బరువుకు ఒక వేలెడు కిందికి దిగుతుంది, జరీ గోపురాలు ఏటవాలుగా నడుస్తాయి. మా అమ్మ చూసినప్పుడల్లా 'వంకర కుట్టారా?' అని అడుగుతుంది. ఫొటోల్లో తుంటి దగ్గర పలకలాగా ఉబ్బు కనబడుతుంది. ఫొటో దిగే ముందు ఫోను తీసి పక్కవాళ్లకు ఇస్తాను. ఎలాగూ ఫొటో తీసేది ఆ ఫోనుతోనే కదా.

అదే అమ్మకందారు దగ్గర, ఈ గొడవకు ముందే, పెడన కలంకారీ అచ్చు కుర్తా కూడా ఒకటి తీసుకున్నాను. దాని జేబు గురించి చెప్పడానికి ఏమీ లేదు. బస్సు టికెట్టు పడుతుంది.

మరి కొనమంటారా అంటే, నా మాట నాలాంటి వాళ్లకే. నేను మెట్రోలో తిరుగుతాను, ఎక్కువసేపు నిలబడతాను, నడుస్తాను. స్కూటీ నడిపే మా స్నేహితురాలికి ఈ జేబు నచ్చలేదు. కూర్చుంటే ఫోను పొట్టకు గుచ్చుకుంటుందట. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు ఎలాగూ పెద్ద సంచి తప్పదు. పొట్టివాళ్లకు సంచి తొడ మధ్య దాకా వచ్చి నడకలో తగలొచ్చు. పైగా మా వీధిలో మంచి మాస్టరు ఉండబట్టి కానీ, లేకపోతే ఈ కుర్తా ఈపాటికి ఇల్లు తుడిచే గుడ్డ అయ్యేది. కొన్న ధరలో ఇంచుమించు పావువంతు మరమ్మతుకే అయింది, ఫోను అద్దం ఖర్చు లెక్కలో కలపలేదు.

ఇకపై కుట్టి ఉన్నది కొనను. ఆగస్టులో చేనేత దినోత్సవం సమయంలో ప్రదర్శనలు పెడతారు కదా, అక్కడ మంగళగిరి బట్ట మీటర్ల లెక్కన తీసుకుని మాస్టరుకే ఇస్తాను. ఈసారి రెండువైపులా జేబులు కావాలని ముందే చెప్పి వచ్చాను. బరువు అటూ ఇటూ సమానంగా పడితే అంచు వంకర పోదని నా వాదన. 'కుడివైపు ఫోను సరే, ఎడమవైపు ఏం పెడతారమ్మా?' అని మాస్టరు. ఏమైనా పెట్టుకుంటాను, ముందు కుట్టమన్నాను. రెండో జేబుకు వేరే కూలి అడుగుతున్నారు.