సెర్సీ దిగిన మెట్ల కోసం వెళ్లాను

గేమ్ ఆఫ్ థ్రోన్స్ టీవీ సీరియల్‌లో రాణి సెర్సీ ఎంత క్రూరురాలో తెలిసినా, అయిదో సీజన్‌లో జుట్టు కత్తిరించి జనం మధ్య నడిపించిన దృశ్యం నన్ను వదల్లేదు. ఆ దృశ్యం తీసిన మెట్ల కోసమే క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ వెళ్లి, రెండు గంటల నడక యాత్రలో చేరాను.

సెయింట్ ఇగ్నేషియస్ చర్చికి వెళ్లే ఆ జెజూయిట్ మెట్లు 1738 నాటివి. గైడు ఆ దృశ్యం ఫొటోను మెట్లకు ఎదురుగా పట్టుకుంటే మెట్ల పక్క రెయిలింగ్, గోడ మలుపు అచ్చంగా సరిపోయాయి! నున్నగా అరిగిన రాతి మీద అరచేయి పెట్టాను. ఎండకు వెచ్చగా ఉంది. ఆ ఒక్క క్షణానికే పెట్టిన డబ్బు గిట్టింది. 1991లో యుగోస్లావ్ సైన్యం ముట్టడిలో ఊరి మీద గుండ్లు పడిన సంగతి చెబుతూ గైడు గొంతు తగ్గించింది. అది విన్నాక ఈ ఊరు నాకు మరింత దగ్గరైంది.

లోపం ఒకటే. ముప్పై మందిని ఒకే గుంపుగా తిప్పారు. వెనకున్నవారికి మాటలు వినపడలేదు. 37 మీటర్ల రాతిగుట్ట మీది లోవ్రియెనాట్స్ కోటలో, సీరియల్‌లో రాజకోట రెడ్ కీప్‌గా చూపించిన చోట, పది నిమిషాలే ఇచ్చారు. నాకు గంటైనా చాలదు.

వెళ్తే ఉదయం యాత్రే ఎంచుకోండి. మధ్యాహ్నానికి మెట్ల నిండా జనమే.