అమెరికా పాత పట్టాల సైట్: పట్టాదారు దొరుకుతాడు, సాగు చేసినోడు దొరకడు

జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డ్స్. అమెరికా కేంద్ర ప్రభుత్వంలోని బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ నడిపే ఉచిత సైట్. 1788 నుంచి ఇచ్చిన భూమి పట్టాలు 50 లక్షలకు పైగా ఇందులో ఉన్నాయి. ఖాతా తెరవక్కర్లేదు, ఓటీపీ లేదు, సర్టిఫైడ్ కాపీ కోసం మీసేవ చుట్టూ తిరిగినట్టు తిరిగేది అసలే లేదు. బండి కట్టుకుని తూర్పు నుంచి పడమరకు కదిలిన ఒక రైతు కుటుంబం ఎక్కడెక్కడ దిగిందో వెతకాలంటే, నల్లగొండలో పీజీ ప్రాజెక్టు రాసేవాళ్లైనా, మహబూబ్‌నగర్‌లో ఇంట్లో కూర్చుని అమెరికా క్లయింట్లకు వంశవృక్షాలు కట్టేవాళ్లైనా ముందు తెరవాల్సింది దీన్నే. 5కి 4 మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో పహాణీ చూసిన ప్రతి ఒక్కరికీ ఇట్టే అర్థమవుతుంది.

మన పాత పహాణీలో పట్టాదారుకు ఒక కాలమ్, అనుభవదారుకు ఇంకో కాలమ్ ఉండేవి. అమెరికా పట్టాలో మొదటిదే ఉంటుంది. ఆ భూమిలో ఎవరు ఉన్నారు, ఏ ఏడు వచ్చారు, ఏ ఏడు ఎల్లిపోయారు అన్నది ఆ కాగితం చెప్పదు. అయినా చాలామంది పట్టా మీద తేదీనే వలస తేదీగా రాసేస్తారు. ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

పరీక్షకు తెలిసిన కుటుంబాన్నే తీసుకుందాం: అబ్రహాం లింకన్ తండ్రి థామస్. వర్జీనియాలో పుట్టాడు, కెంటకీలో పెరిగాడు. కెంటకీ భూములు చెట్లు, వాగులు, రాళ్లు హద్దులుగా కొలిచినవి. ఒకరి హద్దు ఇంకొకరి మీద పడి ఊరూరా దావాలే. ఊరు విడవడానికి ముఖ్య కారణం భూమి హక్కుల తగాదాలేనని, బానిసత్వం కొంత కారణమని కొడుకే తర్వాత రాశాడు. 1816 చివర్లో ఇండియానాలో దిగారు. 1817 అక్టోబర్‌లో విన్సెన్స్ భూమి ఆఫీసులో థామస్ 160 ఎకరాలు రాయించుకున్నాడు. ఎకరం 2 డాలర్లు, వాయిదాల మీద. వాయిదాలు తీరలేదు. 1827లో 80 ఎకరాలు సర్కారుకు తిరిగి వదిలేసి, మిగతా 80కి బాకీ తీర్చి పట్టా తెచ్చుకున్నాడు. 1830 మార్చిలో ఇల్లినాయ్‌కి బండ్లు కట్టారు.

ఇప్పుడు పట్టా ఒక్కటే చేతిలో ఉన్నవాడు ఏం రాస్తాడు? 1827లో ఇండియానా వచ్చారని రాస్తాడు. 11 ఏళ్ల తేడా. ఏడేళ్ల వయసులో అడవిలో దిగిన అబ్రహాం బాల్యం మొత్తం లెక్కలోంచి పోతుంది. వదిలేసిన 80 ఎకరాలు పట్టాలో కనబడవు. అలాంటివి ట్రాక్ట్ బుక్కుల్లో, అంటే ఏ ముక్క ఎవరు రాయించుకున్నారో భూమి ఆఫీసు ఎక్కించిన రిజిస్టర్లలో వెతకాలి. మన దగ్గర సాదాబైనామా మీద కొని ఇరవై ఏళ్లు దున్నాక పాస్‌బుక్ వచ్చినట్టే ఇదీ. పాస్‌బుక్ తేదీ చూసి ఆ ఏడే ఊళ్లోకి వచ్చాడంటే ఎవరైనా నవ్వుతారు.

1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఇచ్చిన 160 ఎకరాల పట్టాలైతే ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేశాక వచ్చేవి. కాబట్టి పట్టా తేదీ నుంచి మామూలుగా ఐదేళ్లు వెనక్కి పోవాలి. ఆ ఫైల్లో ఇల్లు ఎంత పొడవు, ఎన్ని ఎకరాలు దున్నాడు, ఏ పొరుగువాడు సాక్ష్యం చెప్పాడు అన్నీ ఉంటాయి. కానీ సైట్‌లో ఉండేది పట్టా వరకే. ఫైలు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది, విడిగా డబ్బు కట్టి తెప్పించుకోవాలి.

భూమి వివరం చదివే పద్ధతికి వద్దాం. థామస్ పట్టాలో ఇలా ఉంటుంది: పడమటి సగం, నైరుతి పావు, సెక్షన్ 32, టౌన్‌షిప్ 4 దక్షిణం, రేంజ్ 5 పడమర, రెండో ప్రిన్సిపల్ మెరిడియన్. వెనక నుంచి ముందుకు చదవాలి. మెరిడియన్ అంటే కొలత మొదలైన నిలువు గీత. అది తప్పితే అవే నంబర్లు ఇంకో రాష్ట్రంలో తేలతాయి. రేంజ్ అంటే ఆ గీత నుంచి తూర్పుకో పడమరకో ఎన్నో వరస అన్నది. టౌన్‌షిప్ 6 మైళ్ల చదరం, అందులో 36 సెక్షన్లు, సెక్షన్ 640 ఎకరాలు, పావు 160. నైరుతి ఎటో వాస్తు పుణ్యమా అని మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

సెక్షన్ల నంబర్ల దగ్గర మాత్రం తడబడతారు. ఈశాన్య మూల 1తో మొదలై పడమరకు 6 దాకా పోతుంది, దాని కింద 7 మొదలై తూర్పుకు మళ్లుతుంది. అరక కట్టినోడు సాలు చివర ఎడ్లను మళ్లేసినట్టు. అందుకే 32కి సరిగ్గా పైన ఉండేది 29. కాగితం మీద గళ్లు గీసి ఒక్కసారి 36 నంబర్లు వేసుకుంటే మళ్లీ పొరపాటు రాదు.

కొలత కూడా మనకు కొత్తదేం కాదు. వాళ్లు కొలిచింది 66 అడుగుల గంటర్ చైన్‌తో. మన గుంట 33 అడుగుల చదరం, అంటే ఆ చైన్‌లో సరిగ్గా సగం. 40 ఎకరాల చదరం ఒక పక్క 1,320 అడుగులు. 40 గుంటలు వరసగా పేర్చినంత.

సైట్‌లో వెతికేటప్పుడు రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), ఇంటిపేరు ఇచ్చి మొదటి పేరు ఖాళీగా వదలండి. అన్నదమ్ములు, బావమరుదులు ఒక్కసారే బయటపడతారు. తర్వాత పేరు తీసేసి టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ మాత్రమే కొట్టండి. చుట్టుపక్కల పట్టాదారులంతా వస్తారు. పక్క సర్వే నంబర్లలో పాలోళ్లు ఉన్నట్టే అక్కడా ఉంటారు. వెనకటి రాష్ట్రంలో కూడా అవే ఇంటిపేర్లు పక్కపక్కన దొరికితే దారి కలిసినట్టే. ఫోన్‌లో ఇది చేయకండి, పెద్ద తెర కావాలి. పట్టా బొమ్మను పీడీఎఫ్‌గా దింపుకుని చదవండి. ఇండెక్స్‌లో టైపు చేసిన పేరుకూ, కాగితం మీద రాతకూ కొన్నిసార్లు పొంతన ఉండదు.

రెండు గోతులు చూసుకుని నడవాలి. ఒకటి, బౌంటీ వారంట్లు, అంటే సేవకు బదులుగా సైనికులకు భూమి ఇస్తామని రాసిచ్చిన కాగితాలు. చాలామంది సైనికులు ఆ కాగితాన్ని అమ్ముకున్నారు. పట్టాలో సైనికుడి పేరూ ఉంటుంది, కొన్నవాడి పేరూ ఉంటుంది. సైనికుడు ఆ నేల తొక్కి ఉండకపోవచ్చు. రెండోది, మొదటి 13 రాష్ట్రాలు, కెంటకీ, టెన్నెసీ, టెక్సాస్ లాంటివి ఈ సైట్‌లోకి రావు. అక్కడి భూమి కేంద్రం ఇచ్చింది కాదు. కాబట్టి ప్రయాణంలో మొదటి సగం దాదాపు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. ఏమీ దొరకలేదంటే భూమి లేదని అర్థం కాదు.

ఆ ఖాళీ పూరించేది జనాభా లెక్కలు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్‌లో ఉచితం, ఖాతా మాత్రం తెరవాలి. 1790 నుంచి 1840 దాకా ఇంటి పెద్ద పేరే ఉంటుంది. 1850లో మొదటిసారి ఇంట్లో బానిసలు కాని అందరి పేర్లు, వయసు, పుట్టిన రాష్ట్రం రాశారు. వలస వెళ్లిన దారి దొరికేది ఇక్కడే. 1850 లెక్కలో పెద్దోడు 12 ఏళ్లు ఒహాయో, నడిపిది 9 ఏళ్లు ఇండియానా, చిన్నోడు 3 ఏళ్లు అయోవా అని ఉందనుకోండి. 1838, 1841 మధ్య ఇండియానాకు, 1841, 1847 మధ్య అయోవాకు కదిలారు. వయసులు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉంటాయి, ఆ సందు వదలండి. అదే ఏడు వ్యవసాయ షెడ్యూల్లో ఎడ్లు ఎన్ని, మొక్కజొన్న ఎన్ని బుషెళ్లు అన్నది కూడా ఉంటుంది.

జిల్లాలు మారినా మనుషులు కదలకపోవచ్చు. లింకన్‌లు దిగినప్పుడు స్పెన్సర్ కౌంటీ లేదు, 1818లో ఏర్పడింది. 2016లో నల్లగొండ నుంచి సూర్యాపేట విడిపోయింది, అంతమాత్రాన కోదాడ రైతు వలస పోయినట్టా? కౌంటీ పేరు మారగానే కొత్త మజిలీ రాసేముందు ఆ కౌంటీ పుట్టిన ఏడు చూసుకోండి.

ఫ్యామిలీసెర్చ్‌లో ఎవరైనా మార్చగలిగే ఉమ్మడి వంశవృక్షం ఉంది. దాన్ని నమ్మకండి, దారి చూపే గుర్తుగా వాడుకోండి. అసలు కాగితం జత చేయని పుట్టిన తేదీ అందులో కనిపిస్తే, ఇండియానా పట్టాలో 1827 చూసి రాసినవాడే ఇదీ రాశాడనుకోండి.