అక్షరాలతో బొమ్మ: గురజాడ మాటా, సొంత మాటా?

విజయనగరంలో గోడ మీద అక్షరాలతో బొమ్మ వేయాలనుకునేవాళ్లకి వచ్చే మొదటి టెన్షన్ ఇదే.

ఖర్చు: రంగులకైతే రెండిటికీ ఒకటే. గురజాడ 1915లో పోయారు. మన కాపీరైట్ రచయిత మరణించాక 60 ఏళ్లే, కాబట్టి అనుమతి అక్కర్లేదు. బతికున్న కవి మాటైతే అడగాల్సిందే.

శ్రమ: సొంత మాటకే ఎక్కువ. ముందు మాట కుదరాలి కదా.

రిస్క్: గురజాడ మాటకి "కొత్తేముంది?" అంటారు. నిజానికి కొత్తదనం తలకట్టు సాగదీసిన తీరులో, ఒత్తు దించిన చోట, వదిలిన ఖాళీలో ఉంటుంది. ఇంకొకరు గీసిన అక్షరాల్ని దించేస్తేనే నకలు. సొంత మాటకి ఆ ప్రశ్న రాదు, కానీ మాట పేలవమైతే ఎంత బాగా గీసినా బొమ్మ నిలబడదు.

బడి గోడకి, కూడలికి గురజాడే నయం. ఎగ్జిబిషన్‌కి సొంత మాట పెట్టండి, అదీ మన ఉత్తరాంధ్ర యాసలో.