మల్టర్ సమీక్ష: ఫైళ్లను అందుకోవడం వరకే దాని బాధ్యత

నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే వ్యవస్థ) ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ ఆధారంగా వెబ్ అప్లికేషన్ రాసేవారు ఫైల్ అప్‌లోడ్ దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా ఆశ్రయించే లైబ్రరీ మల్టర్. కథల పోటీకి వచ్చే రచనలను పీడీఎఫ్‌గానూ, రచయిత ఫొటోను జేపెగ్‌గానూ స్వీకరించే ఒక చిన్న అప్లికేషన్‌ను నేను మొదట దీని 1.4 వరుస వెర్షన్లతో నిర్మించి, తరువాత 2 వరుసకు మార్చాను. ఆ వాడుకలో తేలిన మంచిచెడ్డలే ఈ సమీక్షకు ఆధారం.

బ్రౌజర్ ఫారం ద్వారా ఫైలు పంపే పద్ధతి 1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంతో రూపుదిద్దుకుంది. ఫారంలోని గడులు, ఫైళ్లు అన్నీ ఒకే ప్రవాహంలో, మధ్యమధ్య ఒక సరిహద్దు గీతతో విడిపడి వస్తాయి. ఎక్స్‌ప్రెస్‌తో పాటు లభించే జేసన్ పార్సర్ (వచ్చిన డేటాను విడదీసి చదివే కోడ్) గానీ, మామూలు ఫారం పార్సర్ గానీ ఈ మల్టీపార్ట్ ప్రవాహం జోలికి పోవు. దానిని విడదీసే అసలు శ్రమ బస్‌బాయ్ అనే మరో లైబ్రరీది. విడదీసిన ఫైళ్లను డిస్కుకో, మెమరీకో చేర్చి, వాటి వివరాలను మన కోడ్‌కు అప్పగించడం మల్టర్ పని. ఆ పనిని అది నిజంగా శుభ్రంగా చేస్తుంది. ఒక ఫైలు కావాలంటే సింగిల్, ఒకే పేరుతో అనేకం కావాలంటే అరే, వేర్వేరు పేర్లతో కావాలంటే ఫీల్డ్స్ అని చెబితే సరిపోతుంది; పది వరుసల కోడ్‌తో అప్‌లోడ్ పనిచేయడం మొదలవుతుంది.

గమ్యస్థానంగా ఫోల్డరు పేరు మాత్రమే ఇచ్చినప్పుడు, మల్టర్ ఫైలుకు యాదృచ్ఛికమైన పేరు పెట్టి, ఎక్స్‌టెన్షన్ కూడా లేకుండా దాచుతుంది. దీనిని లోపంగా చెప్పేవారున్నారు గానీ, నా దృష్టిలో ఇది దాని అత్యుత్తమ నిర్ణయం. ఇద్దరు రచయితలు ఒకే పేరుతో ఫైళ్లు పంపినప్పుడు ఒకదాని మీద మరొకటి పడకుండా ఉండటానికీ, ఎవరైనా స్క్రిప్టు ఫైలును పంపి దానిని సర్వర్ చేత నడిపించే ప్రయత్నం విఫలం కావడానికీ ఈ పద్ధతి తోడ్పడుతుంది.

ఇక నా ప్రధానమైన ఫిర్యాదు పరిమితుల గురించి. మనం ఏమీ చెప్పకపోతే ఫైలు పరిమాణానికి గానీ, ఫైళ్ల సంఖ్యకు గానీ మల్టర్ ఏ హద్దూ విధించదు. పీహెచ్‌పీ అనే మరో వెబ్ భాష సహజంగా ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం అభ్యర్థనకు 8 ఎంబీ అన్న హద్దులతో వస్తుంది. చిరాకు తెప్పించినా, అది ఏమరుపాటు నుంచి కాపాడే చిరాకు. నా విషయంలో మొదట్లో ఆ కాపలా నా అప్లికేషన్ ముందు ఉన్న ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాసింది. అభ్యర్థన 1 ఎంబీ దాటగానే అది సహజంగానే 413 (అభ్యర్థన మరీ పెద్దది) లోపంతో తిప్పి పంపుతుంది. రచయితలు విసుక్కుంటున్నారని ఆ హద్దును 200 ఎంబీకి పెంచాను గానీ, దాని వెనుక మరే హద్దూ లేదన్న సంగతి మరిచాను. చేతిరాత కాగితాలను ఫోన్‌తో ఫొటోలు తీసి కుట్టిన భారీ పీడీఎఫ్‌లు గడువు చివరి రాత్రి వరుసగా వచ్చి పడేసరికి డిస్కు నిండిపోయి, డేటాబేస్ కూడా రాయలేని స్థితికి చేరింది. తప్పు నాదే. అయితే పరిమితి చెప్పనిదే ఫైళ్లు తీసుకోనని మొండికేసే లైబ్రరీ అయి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర దక్కేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పరిమితి పెట్టిన తరువాత కూడా ఒక పని మిగులుతుంది. హద్దు దాటిన ఫైలును మల్టర్ ఆపి, సగం రాసిన దానిని తొలగించి, ఒక లోపాన్ని ముందుకు పంపుతుంది. దానిని మనం పట్టుకోకపోతే ఎక్స్‌ప్రెస్ దానిని 500 అనే సర్వర్ లోపంగా చూపిస్తుంది. ఫైలు పెద్దదైన పాపానికి సర్వర్ చెడిపోయిందని రచయిత అనుకుంటాడు. లోపం కోడ్‌ను చూసి, తెలుగులో ఒక మర్యాదైన సందేశం ఇచ్చే నాలుగు వరుసలు తప్పక రాసుకోవాలి.

ఏ ఫైలును అనుమతించాలో తేల్చే ఫైల్‌ఫిల్టర్ అన్న సదుపాయం మీద కూడా అతిగా ఆధారపడరాదు. అది పిలుపు అందుకునే సమయానికి ఫైలులోని బైట్లు ఇంకా చదవబడవు. దాని చేతిలో ఉండేది పంపినవారు చెప్పుకున్న పేరు, రకం మాత్రమే. కవరు విప్పకుండా పైన రాసిన చిరునామాను బట్టి రిజిస్టరులో ఎక్కించే ఇన్‌వార్డు గుమాస్తా లాంటిది అది. నేను ఫైలు డిస్కుకు చేరిన తరువాత మొదటి బైట్లను చదివి, పీడీఎఫ్ అయితే శాతం గుర్తుతో మొదలయ్యే దాని సంతకం ఉందో లేదో, జేపెగ్ అయితే ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ (బైట్ల విలువలను పదహారు ఆధారపు సంఖ్యల్లో రాసే తీరు) ఉందో లేదో చూసి, లేకుంటే తొలగిస్తున్నాను.

తెలుగు వాడుకరులకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఫైళ్ల పేర్ల సంగతి. బ్రౌజర్లు ఫైలు పేరును యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ బైట్లుగా రాసే పద్ధతి) పంపుతాయి. కొత్త బస్‌బాయ్ మాత్రం వేరే చెప్పకపోతే దానిని లాటిన్-1గా (ఒక్కో బైటును ఒక్కో గుర్తుగా చూసే పాత పద్ధతి) చదువుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ ఒక సంకేతం) మూడు బైట్లు పడతాయి, ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఈ0, రెండవది బీ0 లేదా బీ1. కాబట్టి లాటిన్-1లో చదివినప్పుడు, తల మీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు ఎ, దాని పక్కన డిగ్రీ సున్నా లేదా ప్లస్-మైనస్ గుర్తు పదేపదే కనిపిస్తే అది తెలుగు పేరేనని ఇట్టే పోల్చుకోవచ్చు. పొల్లును విడిగా లెక్కిస్తే ‘అమ్మ’లో ఉన్నవి నాలుగు సంకేతాలు; అవి పన్నెండు పిచ్చి గుర్తులుగా మారతాయి. ఆ పేరును లాటిన్-1 బైట్లుగా వెనక్కి మార్చి యూటీఎఫ్-8గా తిరిగి చదివితే ఒక్క వరుసలో సమస్య తీరుతుంది. విచిత్రమేమంటే, మల్టర్ 2022లో పాత బస్‌బాయ్‌లోని భద్రతా లోపం నుంచి బయటపడటానికి కొత్త బస్‌బాయ్‌కు మారినప్పుడే ఈ చిక్కు వచ్చింది. పేరును సరిచేసి డేటాబేస్‌లో దాచుకోవాలే గానీ, డిస్కు మీది ఫైలుకు పెట్టకూడదని నా సలహా. లినక్స్‌లో ఫైలు పేరుకు సాధారణంగా ఉండే 255 బైట్ల హద్దు తెలుగుకు 85 సంకేతాలతోనే అయిపోతుంది.

మరో చిన్న సంగతి: ఫారంలో ఫైలు గడి తరువాత ఉన్న గడుల విలువలు, ఫైలుకు పేరు పెట్టే సమయానికి ఇంకా అందకపోవచ్చు. పోటీ విభాగాన్ని బట్టి ఫోల్డరు ఎంచుకోవాలని చూసి ఖాళీ విలువ ఎందుకు వస్తోందో తెలియక ఒక పూట పోగొట్టుకున్నాను. విభాగం గడిని ఫైలు గడికి పైన పెట్టగానే సర్దుకుంది.

ఇప్పటికీ 1.4 వరుసలోనే ఉన్నవారు ఆలస్యం చేయకూడదు. 2025 మే నెలలో వచ్చిన 2.0.0, అభ్యర్థన మధ్యలో లోపం తలెత్తితే లోపలి స్ట్రీమ్ (డేటా ప్రవాహం) మూతపడక వనరులు కారిపోయే సమస్యనూ, వికృతంగా తయారుచేసిన అభ్యర్థనతో ప్రాసెస్‌ను కూల్చగల సమస్యనూ సరిచేసింది. ఫీల్డు పేరు ఖాళీగా పెట్టి పంపితే సర్వర్ కూలిపోయే మరో లోపం 2.0.1లో, ఇంకొకటి 2.0.2లో సరిదిద్దబడ్డాయి. అంటే 2.0.0 దగ్గర ఆగినా చాలదు. నా కోడ్‌లో దాదాపు ఏ మార్పూ అవసరం కాలేదు.

పత్రాలు, ఫొటోలు వంటి కొద్ది ఎంబీల ఫైళ్లకు మల్టర్‌ను నేను నిస్సంకోచంగా వాడతాను. ఫైలును డిస్కుకు బదులు మెమరీలో ఉంచే మెమరీస్టోరేజ్‌ను మాత్రం ఫొటోను అక్కడికక్కడే చిన్నది చేయడం వంటి పనులకే పరిమితం చేస్తాను, ఎందుకంటే 10 ఎంబీ ఫైళ్లు యాభై మంది ఒకేసారి పంపితే 500 ఎంబీ మెమరీ ఆ ఫైళ్లకే పోతుంది. వచ్చే పోటీలో కథల వీడియో పఠనాలు కూడా తీసుకోవాలన్న ఆలోచన ఉంది. వాటిని మాత్రం మల్టర్ గుండా రానివ్వకుండా, కొంతసేపే పనిచేసే, డిజిటల్ సంతకంతో కూడిన అనుమతి లింకు ఇచ్చి బ్రౌజర్ నుంచి నేరుగా క్లౌడ్ స్టోరేజ్‌కు పంపించబోతున్నాను.