ఉద్యోగం చేస్తూ వ్యవసాయ డిగ్రీ: కోర్సు పూర్తిచేశాక నా సమీక్ష

చదువు ఆపేసిన చాలా ఏళ్లకు, ఉద్యోగాన్నీ కుటుంబ బాధ్యతలనూ వదలకుండానే వ్యవసాయ శాస్త్రంలో డిగ్రీ పూర్తిచేశాను. ఇదే ఆలోచనలో ఉన్నవారికి నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒక్కటే: సిలబస్ కన్నా ముందు ప్రయోగశాల, పొలం పనుల టైంటేబుల్ అడిగి తీసుకోండి. సస్యశాస్త్రం, మృత్తికాశాస్త్రం, కీటకశాస్త్రం, తెగుళ్లు, ఉద్యానం, విస్తరణ (కొత్త పద్ధతులను రైతులకు చేర్చడం) వంటి పాఠ్యాంశాలు దాదాపు ప్రతి కోర్సులోనూ ఉంటాయి. ఏ వేళల్లో, ఎంతసేపు స్వయంగా హాజరు కావాలన్న దగ్గరే కోర్సుకూ కోర్సుకూ మధ్య అసలు తేడా తెలుస్తుంది.

మట్టిలో ఇసుక, ఒండ్రు, బంకమన్ను పాళ్లను హైడ్రోమీటరుతో, అంటే ద్రవం సాంద్రతను కొలిచే పరికరంతో, తేల్చే ప్రయోగాన్నే చూడండి. మట్టి కలిపిన నీటిని పొడవాటి గాజు జాడీలో బాగా కలియబెట్టి వదిలాక, ఇసుక అడుగుకు చేరే 40 సెకన్లకు మొదటి కొలత తీయాలి. ఒండ్రు కూడా దిగిపోయి బంకమన్ను మాత్రమే నీటిలో మిగిలేదాకా, అంటే కనీసం 2 గంటలు ఆగి, రెండో కొలత తీయాలి. పని ముగించుకుని సాయంత్రం వచ్చే విద్యార్థికి ఆ వ్యవధి దొరకాలంటే ప్రయోగశాల రాత్రి దాకా తెరిచి ఉండాలి, లేదా సెలవు రోజుల్లో తరగతి పెట్టాలి. నేను చదివిన చోట ఈ వెసులుబాటు ఉంది; అది లేకపోతే నేను రెండో సంవత్సరం దాటేవాణ్ని కాదు.

పాఠాలను ఇంటి నుంచి వినడంలో నష్టమేమీ కనిపించలేదు గానీ, పొలంలో నేర్చుకునేది వీడియోల వల్ల రాదు. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి, గడ్డి జాతుల కాడ గుండ్రంగానో కాస్త బల్లపరుపుగానో ఉంటుంది; గడ్డిజాతి కలుపుకు మాత్రమే పనిచేసే మందును తుంగ మీద చల్లితే ఖర్చు వృథా. ఒకసారి చేత్తో పట్టి చూసిన ఈ తేడాను నేను మళ్లీ మరచిపోలేదు.

చాలాకాలం తర్వాత చదివేవారికి బరువుగా తోచేవి రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం. చాలా దేశాల్లో ఎరువుల సంచి మీద భాస్వరాన్ని ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో చూపుతారు, దానిని 0.44తో గుణిస్తేనే అసలు భాస్వరం ఎంతో తెలుస్తుంది. ఇలాంటి లెక్కలు పరీక్షల్లోనూ, ఆ తర్వాత పనిలోనూ ఎదురవుతూనే ఉంటాయి. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన గణాంకశాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ రూపొందించిన ప్రయోగ పద్ధతులు, ముఖ్యంగా ఏ మడిలో ఏ పంట రకం వేయాలో లాటరీ తరహాలో తేల్చడం, అర్థమయ్యేదాకా రకాల పోలిక ఫలితాలను నమ్మాలో లేదో తేల్చుకోలేం. కాబట్టి ప్రవేశానికి ముందే ఈ రెండింటిలో పునశ్చరణ తరగతులు నడిపే సంస్థకు నా ఓటు. పాత చదువు క్రెడిట్లను అంగీకరిస్తారా, డిగ్రీకి ఉద్యోగాల్లోనూ పై చదువుల్లోనూ గుర్తింపు ఉందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

నన్ను నిజంగా బాధపెట్టింది చివరి సంవత్సరపు క్షేత్ర శిక్షణ. విత్తు నుంచి కోత దాకా ఒక పంటకాలమంతా పొలంలోనే ఉండాలన్న నిబంధనను మాకు చాలా ఆలస్యంగా చెప్పారు. నిబంధన సరైనదే, ఎందుకంటే పూత దశలో వచ్చే పురుగు సెలవు రోజు కోసం ఆగదు. కానీ అది ముందే తెలిస్తే సెలవుకూ ఇంటి ఖర్చుకూ ఏర్పాటు చేసుకునే వీలుండేది. కొన్ని సంస్థలు విద్యార్థి సొంత పొలంలో పర్యవేక్షకుడి తనిఖీతో చేసే పనిని కూడా శిక్షణగా లెక్కిస్తాయి. దీర్ఘ సెలవు దొరకని ఉద్యోగులు ఆ సౌకర్యం ఉందో లేదో తెలుసుకున్నాకే ఫీజు కట్టాలి.